ఆధారం: సొంత మాట

మూడో వ్యక్తి అంటే ఎవరు సార్? కాస్త విడమర్చి చెప్పండి. నాకు చదువు తక్కువే గానీ బుర్ర బానే పనిచేస్తుంది.

ఇదిగో, మీరు పంపిన ఉత్తరమే. ఈ సంతకం మీదే కదా? "కోరిన సమాచారం మూడో వ్యక్తికి సంబంధించినది అయినందున ఇవ్వడం కుదరదు." నేనడిగిందేమిటి? నా ఫొటో కింద ఆ మాటలు ఎవరు రాయించారని. ఫొటో నాది, మొహం నాది, అడిగింది నేను. మధ్యలో ఆ మూడోవాడెవడండీ? మా ఇంట్లో ఉన్నదే ఇద్దరం!

నవ్వొచ్చిందా? నవ్వండి, నాకేం. సమాచార అధికారి అని బల్ల మీద ఇంతలేసి అక్షరాలతో పలక పెట్టుకున్నారు గానీ, నాలుగుసార్లు వచ్చినా ఒక్క సమాచారం మీ నోట్లోంచి రాలలేదు.

కూర్చుంటాలెండి. రెండు బస్సులు మారి వచ్చాను. రెండో బస్సు వెనకాల నేనే ఉన్నాను, తెలుసా? ఇంతలావు మొహం, ముప్పై రెండు పళ్ళూ కనబడేట్టు నవ్వు. కింద "ఇప్పుడు మాకే లోటూ లేదు" అని రాత. నేనేమో లోపల ఆఖరి సీట్లో. ఎర్ర దీపం దగ్గర స్కూటరాయన ఒకడు ఆ బొమ్మనీ, అద్దంలోంచి నన్నూ మార్చి మార్చి చూశాడు. ఎక్కడ దాక్కోవాలో తెలీక మొహం తిప్పేసుకున్నాను.

పోనీ బస్సులతో వదిలారా? మా కుట్టు కొట్టు ఎదురుగా బోర్డు. పేపర్లో సగం పేజీ. ఆఖరికి నా ఫోన్లో కూడా! పాత జిప్పు తీసి కొత్తది వేస్తుంటే టింగుమంది. ఏమిటా అని చూస్తే నేనే. పైన "మీలాంటి వారి కథ, మీ కోసం" అని రాసుంది. నాలాంటిదాన్ని వెతికి వెతికి నాకే పంపిందట ఆ ప్రకటనల మిషను. దాని తెలివి తెల్లారినట్టే ఉంది.

అసలు సంగతికి రమ్మంటారా? అసలు సంగతే చెబుతున్నాను బాబూ, మీరు గడియారం చూడకపోతే.

మా ఆయన లిఫ్టులు బాగుచేసేవాడు. మూడేళ్ళ కిందట ఒక లిఫ్టు గుంటలో పడ్డాడు. ప్రాణం దక్కింది. కుడిపక్కంతా పడిపోయింది, మాట పోయింది. మీ ప్రభుత్వం వాళ్ళే దయతలిచి సంరక్షణ భత్యం ఇచ్చారు, కాదనను. ఆ డబ్బుతో వారానికి మూడు రోజులు ఒకమ్మాయిని పెట్టుకున్నాం, చేతికీ కాలికీ వ్యాయామం చేయించడానికి. ఎంత ఓపికో ఆ పిల్లకి! ఒక్కో వేలూ పట్టుకుని, మడిచి, చాపి, మడిచి, చాపి.

ఎనిమిది నెలలకి చెంచా పట్టుకున్నాడండీ. కుడిచేత్తో. సగం చొక్కా మీదే ఒలికింది, ఒలికితే ఒలికింది. నేను వెళ్ళి గుమ్మంలో నిలబడి వీధిలో పోయేవాళ్ళకి చెప్పాను, మా ఆయన చెంచా పట్టుకున్నాడు అని. పిచ్చిదనుకుని ఉంటారు.

ఆ భత్యం ఆగి ఐదు నెలలు. ఆ పిల్ల ఒక నెల ఊరికే వచ్చింది పాపం, ఎన్నాళ్ళని వస్తుంది? దానికీ కడుపుంది. పోతూ పోతూ చెప్పింది, "అక్కా, ఇలాగే వదిలేస్తే ఆ పిడికిలి బిగుసుకుపోతుంది, తర్వాత ఎవరొచ్చినా తెరుచుకోదు" అని. ఇప్పుడు ఆయన చిటికెన వేలు అరచేతిలోకి వెళ్ళిపోయింది. దాని పక్క వేలు కూడా బయల్దేరింది. నేనే నొక్కుతున్నాను, ఆ పిల్ల నొక్కడం చూశాను కదా. చూసినంత మాత్రాన వస్తుందా? ఆయనకి నొప్పెట్టి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, అవి చూసి నేను వదిలేస్తాను.

ఎందుకాగిందీ అని సంక్షేమం ఆఫీసుకి పోయానండీ. కిటికీ వెనక కూర్చున్నామె మంచిది, కంప్యూటర్ నా వైపు తిప్పి చూపించింది. "కుటుంబ స్థితి: కష్టం లేదు. ఆధారం: విజయగాథల జాబితా." విజయగాథలట! ప్రకటనల కోసం ఏరిన మొహాల జాబితాని తీసుకెళ్ళి భత్యాలు తేల్చే మిషనులో పోశారు. అది చదువుకుంది. ఈవిడకి లోటు లేదని ప్రభుత్వమే ఊరంతా బోర్డులు కట్టి చెబుతోంది, ఇక భత్యమెందుకు, కొట్టేయ్. కొట్టేసింది. దాని తప్పేముంది పాపం! మీరు పెట్టిన మేతే కదా అది మేసింది.

అందుకే అర్జీ పెట్టాను. మూడే మూడు ప్రశ్నలు. మా పక్కకొట్టు జిరాక్సు అబ్బాయి రాసిచ్చాడు, తప్పుల్లేకుండా.

ఈ ప్రకటనలకి ఎంత ఖర్చు పెట్టారు అన్నాను. "ఏజెన్సీ వారి వ్యాపార రహస్యం" అన్నారు. ఏం రహస్యమండీ? మా ఎదురు బోర్డుకి తాళ్ళు కట్టేవాణ్ణి కిందనుంచి కేకేసి అడిగితే పైనుంచి కేకేసి చెప్పాడు, నెల అద్దె ఎంతో. ఆ ఒక్క బోర్డు నెల అద్దెతో మా ఆయన చేతికి నాలుగేళ్ళు వ్యాయామం చేయించొచ్చు. తాళ్ళు కట్టేవాడికి తెలిసింది, పన్ను కట్టేవాళ్ళకి తెలియకూడదా?

ఆ మిషను ఎవరిది, ఏమేం చూసి ఎవరి పేరు కొట్టేస్తుంది అన్నాను. "భద్రతా కారణాలు" అన్నారు. ఎవరి భద్రత? నేను వెళ్ళి దాన్ని కత్తెరతో పొడుస్తానా?

ఇక మూడోది. ఆ మాటలు ఎవరు రాయించారు అని. దానికేమో మూడో వ్యక్తి. అడిగింది మూడు, వచ్చింది సున్నా.

నాకు కావలసింది ఒక్కటే బాబూ. "ఆ మాటలు ఈవిడ అన్నవి కావు, ప్రకటనవాళ్ళు అల్లినవి" అని మీరో ముక్క రాసిచ్చి, కింద ముద్ర వేస్తే చాలు. అది పట్టుకెళ్ళి ఆ కిటికీలో ఇస్తే రేపే తిరిగి మొదలుపెడతామన్నారు. ఒక్క ముక్క. మీ సొమ్మేం పోదు.

ఏమిటీ? ఒకటి మాత్రం ఇవ్వచ్చా?

ఏమిస్తారు? రికార్డింగా? ఏం రికార్డింగు?

ఆ రోజు మా ఇంటికి సర్వే అని వచ్చిందే టాబ్లెట్ పట్టుకున్న అమ్మాయి, నేను మాట్లాడింది రికార్డు చేసిందా? చెప్పలేదే! అదేంటండీ, ఫొటో తీస్తాం అన్నారు, తీసుకోమన్నాను. గొంతు సంగతి ఎవరూ చెప్పలేదు. నా దగ్గర పెట్టించిన సంతకాల్లో ఉందా? ఉంటుంది లెండి. నాలుగు పేజీల చీమల బారు, నేను చదివి పెట్టానా ఏమిటి.

అబ్బబ్బ, ఏం పారదర్శకత! మీ లెక్క చెప్పరు, మీ మిషను చూపించరు, నా గొంతు మాత్రం నాకు వినిపిస్తారు.

వద్దు. వినిపించకండి. తెలుసులెండి నా గొంతు ఎలా ఉంటుందో. వద్దంటున్నానా...

...

ఆ గరగర మా ఫ్యానుదే. నూనె వెయ్యాలి.

ఆ, అదే ఆ అమ్మాయి. గొంతు తియ్యగా ఉంటుంది. "ఆయన్ని చూసుకోవడం కష్టంగా ఉందా అమ్మా?"

ఆపండి బాబూ. చాలు. విన్నాం కదా ఇద్దరం.

అవును. అన్నాను. "కష్టమేముందమ్మా, ఇప్పుడు మాకే లోటూ లేదు" అన్నాను. నవ్వాను కూడా, విన్నారుగా ఎంత గట్టిగా నవ్వానో. ఎవరూ అల్లలేదు. నేనే అన్నాను.

అలా చూడకండి. మీకు అబద్ధం చెప్పాలని రాలేదు. అంటే... అదే చెప్పాలని వచ్చాననుకోండి.

ఆ నవ్వు తర్వాత ఇంకో చప్పుడుంది, విన్నారా? మళ్ళీ పెట్టక్కర్లేదు, నేను చెబుతాను. దగ్గు. మా ఆయనది. కొట్టయినా ఇల్లయినా మాకున్నది ఒకటే గదండీ. కుట్టు మిషను ఈ మూల, మంచం ఆ మూల. ఆ బోర్డు ఫొటోలో నా భుజం పక్కన తెల్లగా చిన్న ముక్క కనిపిస్తుంది చూడండి, అందరూ గోడనుకుంటారు. అది ఆయన దిండు. మిగతా ఆయన్ని కత్తిరించేశారు.

మాట పోయింది గానీ ఆయనవి పాముచెవులు. పక్కింట్లో చిల్లర పడితే ఎన్ని నాణేలో వేళ్ళతో చెబుతాడు. ఆ అమ్మాయి మంచానికి మూరెడు దూరంలో నిలబడి నన్నడుగుతోంది, ఆయన్ని చూసుకోవడం కష్టంగా ఉందా అని. ఆయన నా మొహమే చూస్తున్నాడు. ఏమంటాను? మీరు చెప్పండి, మీ ఇంట్లో ఆవిడైతే ఏమంటుంది? అవునమ్మా, నా నడుం పడిపోతోంది, ఆయన్ని తిప్పి పడుకోబెట్టాక నేను స్నానాల గదిలో తలుపేసుకుని ఏడుస్తాను, ఒక్కోరోజు ఆయన ఆ గుంటలోంచి అసలు బయటికి రాకపోయినా బావుండేదనుకుంటాను అని చెప్పమంటారా? ఆయన వింటుండగా?

ఛీ, ఏమన్నాను నేను! అది రాసుకోకండి బాబూ. దణ్ణం పెడతాను.

ఆ లోటు లేదన్న మాట ఆ అమ్మాయికి చెప్పలేదండీ నేను. ఆయనకి చెప్పాను. మొగుడికి చెప్పిన మాట అది. దాన్ని పట్టుకెళ్ళి మీరు బస్సుల వెనకాల అతికించారు.

సవరణ పత్రమా? ఉంది. మొదటి నెలలోనే ఇచ్చింది ఆ కిటికీ ఆమె. సంచీలోనే తిరుగుతోంది నాతో, అంచులు నలిగిపోయాయి. ఇదిగో, మీరే చదవండి. "నేను గతంలో చెప్పినది వాస్తవం కాదు. సదరు వ్యక్తి సంరక్షణ నాకు మోయలేని భారంగా ఉన్నది." దాని కింద చిన్నక్షరాలు చూశారా? "పై విషయమును సదరు వ్యక్తికి చదివి వినిపించి, ఆయన వేలిముద్ర తీసుకొనవలెను."

అదండీ సంగతి. ఆ మంచం పక్కన కూర్చుని, "నువ్వు నాకు భారం" అని ఆయనకి చదివి వినిపించాలి. నేనే. పెద్దగా. దాని మీద ఆయనతోనే వేలు వేయించాలి. అందుకే మీ దగ్గరకి తిరుగుతున్నాను ఇన్నాళ్ళూ. తప్పు మీ వాళ్ళదని మీరు రాసిస్తే ఈ కాగితంతో పని ఉండదని. ఖర్చులూ, మిషన్లూ ఎందుకడిగానంటే, ఎక్కడో ఒకచోట మీ తప్పొకటి దొరక్కపోతుందా అని ఆశ. దొరకలేదు. దొరికింది నా గొంతే.

చదవకుండా వేయించమంటారా? మెల్లగా అన్నా వినబడిందిలెండి. మీరూ మంచివారే.

అదీ చేశాను. మొన్న మధ్యాహ్నం అన్నం తిని నిద్రపోతున్నాడు కదా అని ఎడమచేతి బొటనవేలు పట్టుకున్నాను. సిరా పెట్టె పక్కనే పెట్టుకున్నాను. ఇంకాస్తైతే అయిపోయేది. తలెత్తి చూస్తే కళ్ళు తెరిచే ఉన్నాడు. ఏమిటీ అన్నట్టు చూశాడు. "గోరు పెరిగింది, కత్తిరిద్దామని" అన్నాను. వెంటనే చెయ్యి నా ఒళ్ళో పెట్టేశాడు బాబూ, ఏ అనుమానం లేకుండా. కత్తిరించాను. పది వేళ్ళకీ. ఆ మడుచుకున్న చిటికెన వేలిది ఎంతకీ అందలేదు, దాన్ని తెరవడానికే చాలాసేపు పట్టింది. అంతసేపూ ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

ఇక నా వల్ల కాదు.

మంచినీళ్ళు వద్దు. ఉంచండి. మీరేం చేస్తారు, మీ చేతిలో మాత్రం ఏముంది? మీకూ పైవాళ్ళున్నారు, వాళ్ళకింకో పైవాళ్ళు. పోట్లాడదామంటే ఎదురుగా ఒక్క మనిషైనా కనబడితే కదా. అద్దె తెలిసినవాడు తాళ్ళు కడతాడు, ఆ సర్వే అమ్మాయి ఇంకో ఊరు పోయింది, మిషనుకి చెవులున్నాయి గానీ పక్కన ఎవరు పడుకుని ఉన్నారో చూసే కళ్ళు లేవు.

మూసెయ్యండి నా ఫైలు. దానికీ ఒక కాగితం ఉండే ఉంటుంది మీ దగ్గర. ఉందా? ఉంటుంది, ఎందుకుండదు! "అర్జీదారు ఇచ్చిన సమాచారముతో పూర్తిగా తృప్తి చెందినారు." ఎంత బాగా రాశారండీ.

ఇక్కడేనా సంతకం?

దీన్ని ఎవరికీ చదివి వినిపించక్కర్లేదు కదా? అయితే పెన్ను ఇవ్వండి.