మీటరక్క బండికి కొత్త గొలుసు

జూన్ ముప్పై, శనివారం. బట్టలు ఉతికి ఆరేశాను. నీళ్ళ డ్రమ్ము కడిగి నింపాను. మావారి చొక్కాకు గుండీ కుట్టాను. కూరగాయలు తెచ్చాను. దుప్పట్లు ఎండలో వేశాను, తియ్యాలి. (నవ్వులు)

నవ్వకండి. ఏ కాగితం ముందు పెట్టుకున్నా పైన తేదీ, దాని కింద ఆ రోజు పనులు రాయడం నాకు అలవాటు. ఈ ప్రసంగం రాసుకుందామని కూర్చున్నా చెయ్యి అలాగే పోయింది. కొట్టివేతలతో కాగితం పాడుచెయ్యడం ఇష్టం లేక ఉన్నదున్నట్టు చదివేశాను. ఇక పద్ధతిగా మొదలుపెడతాను.

సభకు అధ్యక్షత వహిస్తున్న సూపరింటెండెంటు గారికి, వేదిక మీది పెద్దలకు, నీటి సరఫరా ఆఫీసులో ఇన్నేళ్ళూ మా వదినతో కలిసి పనిచేసిన అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు, మూడో వరుసలో కూర్చుని నేనేం బయటపెడతానో అని ఇప్పటికే చెమట తుడుచుకుంటున్న మావారికి, ఈ సన్మానం అందుకుంటున్న మా వదినకు, అంటే మావారి అక్కకు, మీ అందరి మీటరక్కకు నమస్కారాలు.

కుటుంబం తరఫున నాలుగు ముక్కలు చెప్పమని సూపరింటెండెంటు గారు ఫోన్ చేసినప్పుడు, మావారు మాట్లాడితే బాగుంటుంది సార్ అన్నాను. “ఆయన్నీ అడిగామమ్మా, మా ఆవిడైతే వివరంగా చెబుతుంది అన్నారు” అని ఆయన జవాబు. వివరంగా అంటే ఏమిటో ఇంకాసేపట్లో ఇద్దరికీ తెలుస్తుంది.

నాకు ముందు మాట్లాడినవాళ్ళు మా వదిన వానలో తడుస్తూ మీటర్లు చదవడం గురించి, కుక్కలు వెంటపడడం గురించి, మూతలెత్తి గుంటల్లోకి వంగి వంగి నడుం పట్టేయడం గురించి చెప్పారు. అవన్నీ నిజమే అయివుంటాయి, నేను చూడలేదు. నేను చూసిందల్లా ఆవిడ పొద్దున బండి తియ్యడం, సాయంత్రం బండి పెట్టడం. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని నేను ఎప్పుడూ అడగలేదు. (విరామం) మీరూ అడగలేదట. మీరంటే ఆవిడకు అంత ఇష్టం ఎందుకో అది తెలిశాకే నాకు అర్థమైంది.

అందుకని నేను ఆ బండి గురించే మాట్లాడతాను.

ఏడాదిగా ఆ బండి చెంచాల డబ్బా ఊపినట్టు చప్పుడు చేస్తోందని మీకు తెలుసు. ఆ చప్పుడు వీధి మలుపులో వినగానే మీ అటెండరు గారు టీనీళ్ళు పొయ్యి మీద పెట్టేవారట. నిజమేనా అండీ? తల ఊపుతున్నారు. అది ఇంజిన్ లోపలి గొలుసు చప్పుడు. కింద తిరిగే ఇరుసు నుంచి, పైన గాలికీ పొగకూ దారి తెరిచే ఇరుసు దాకా ఒక సన్నటి గొలుసు ఉంటుంది, కామ్ చైన్ అంటారు. కింద ఇరుసు ఎప్పుడు తిరిగితే పైది ఎప్పుడు తెరవాలో చెప్పేది అదే. మెకానిక్ గారు చెవి పెట్టి విని, “గొలుసు సాగిపోయిందమ్మా. ఇలాగే తిప్పితే ఏదో ఒకరోజు పళ్ళ మీంచి జారి ఇంజిన్ మొత్తం పోతుంది. మార్చాలి. ఈ నెల మాత్రం నా వల్ల కాదు, షెడ్డు నిండా బళ్ళే” అన్నారు.

మావారు మంచివారు. ఇబ్బందంతా ఆ మంచితనంతోనే. (నవ్వులు) ఆ రోజు భోజనాల దగ్గర, “అక్కా, రిటైరయ్యాక నీకీ బండెందుకు చెప్పు? పాతబళ్ళు కొనే ఆయనతో మాట్లాడేశాను. ఆదివారం సాయంత్రం వచ్చి తీసుకుపోతాడు. ఇక నువ్వెక్కడికి వెళ్ళాలి గనక?” అన్నారు.

మా వదిన ఏ మాటకైనా ఎదురు మాట అప్పజెప్పే మనిషి. మీకు తెలుసు, సూపరింటెండెంటు గారికి ఇంకా బాగా తెలుసు. అలాంటి మనిషి, “అవున్లేరా, ఎక్కడికి వెళ్తాను” అని కంచం తీసుకుని లేచిపోయింది. బండి పోతే పోయింది, ఆ ‘అవున్లేరా’ మాత్రం మా ఇంట్లో ఉండిపోకూడదు అనిపించింది.

మర్నాడు పొద్దున ఆవిడ బండి తుడుస్తోంది. రోజూ తుడిచినట్టు కాదు, పక్కింటివాళ్ళకు ఇచ్చెయ్యబోయే పసిపిల్ల మొహం తుడిచినట్టు తుడుస్తోంది.

“వదినా, ఆ గొలుసేదో మనమే మార్చుకోలేమా?” అన్నాను.

“పిచ్చా నీకు?”

“కుట్టుమిషన్ విప్పి బిగించలేదా?”

“కుట్టుమిషనెక్కి ఎవరూ రోడ్డు మీదికి పోరే.”

కానీ గుడ్డ పక్కన పెట్టింది. మావారిని అడిగాం. పాతబళ్ళు కొనే ఆయన వచ్చేలోగా బండి శుభ్రమైన చప్పుడుతో నడిస్తే బండి మా వదినదే, నడవకపోతే ఆయనది అని ఒప్పుకున్నారు. “సగం విప్పిన బండి ముందు పెట్టి నా పరువు మాత్రం తియ్యకండి” అని ఒక్క షరతు పెట్టారు.

పోయిన ఆదివారం పొద్దున వెనక వరండాలో పాత దుప్పటి పరిచాం. ఆయిల్ బేసిన్‌లోకి దించాం. విప్పిన ప్రతి బోల్టునూ విప్పిన వరసలోనే గుడ్ల అట్ట గుంటల్లో పెట్టాను. ఇందులో నా గొప్పేమీ లేదు, పప్పుల డబ్బాలు సర్దేదాన్ని బోల్టులు సర్దలేనా? ఏ చిన్న ముక్కా లోపల పడకుండా గొలుసు దిగే సందులో గుడ్డ కుక్కాం. బజార్లో కొనుక్కొచ్చిన కొత్త గొలుసును తీగకు కట్టి పైనుంచి నేను వదులుతుంటే, కింద మా వదిన పట్టుకుని పళ్ళ చక్రానికి వేసింది. గుంటలోకి చూడకుండా చేత్తోనే తడిమి పని చెయ్యడం ఆవిడకు మీ ఆఫీసు నేర్పిన విద్య. అప్పటిదాకా అంతా బాగుంది.

ఇప్పుడు నా నిర్వాకం వినండి. విప్పేముందు, తిరిగి బిగించేటప్పుడు ఎక్కడిది అక్కడే ఉండాలని, గోళ్ళరంగు తెచ్చి పై ఇరుసుకున్న పళ్ళచక్రం మీద ఒక ఎర్రగీత, దానికి ఎదురుగా ఇంజిన్ తల మీద ఇంకో ఎర్రగీత పెట్టుకున్నాను. తయారుచేసినవాళ్ళు చెక్కిన గీతలు అక్కడే ఉన్నాయి. అయినా కంపెనీవాళ్ళ గీతలకన్నా నా గీతల మీద నాకు నమ్మకం ఎక్కువ. కొత్త గొలుసు వేసి నా రెండు గీతలూ కలిపితే సరిగ్గా కలవలేదు. దగ్గరలో ఉన్న పన్నుకు తగిలించి ముచ్చటపడ్డాను. చేత్తో తిప్పి చూస్తే కింద గీత దాని గుర్తు దగ్గరికి వచ్చి నిలబడింది గాని, పైన చెక్కిన గీత ఒక పన్ను వెనకబడి ఉంది.

“ఇది తప్పే,” అంది వదిన.

“తప్పెలా అవుతుంది? విప్పేటప్పుడు ఎలా ఉందో అలాగే పెట్టాను. మీరే చూశారుగా, గీత పెట్టాను.”

“విప్పేటప్పుడు గొలుసు సాగి ఉంది కదే!”

“ఉంటే?”

“సాగిన గొలుసు ఎక్కడ వేలాడుతోందో అక్కడ గీత గీసి, కొత్తదాన్ని కూడా అక్కడే నిలబడమంటావేమిటి? పాతదానిలాగే ఉండేటట్టయితే మార్చడం దేనికి?”

నాకు కోపం వచ్చింది. నేను వేసిన కొలత తప్పంటే నాకు కోపం వస్తుంది, మావారు సాక్షి. (మూడో వరుసలో నవ్వులు) ఇద్దరం గట్టిగానే మాటామాటా అనుకున్నాం. గుమ్మంలోంచి మావారు, “ఆయన బస్సెక్కానని ఫోన్ చేశాడు. కొట్టుకోవడం అయ్యాక చెప్పండి, తలుపు తీస్తాను” అన్నారు.

అప్పుడు మా వదిన గొంతు తగ్గించి ఒక మాట అంది. “ఇన్నాళ్ళూ పొద్దున్నే లేచి ఇంట్లోంచి బయటపడడమే నా గీత అనుకున్నాను. ఒకటో తారీఖు నుంచి అది కలవదు. కలవకపోతే నా పని అయిపోయిందనుకున్నాను. వేరే గీత చూసుకోవాలేమోనే, అంతే.”

నేను గోళ్ళరంగు తీసే మందులో దూది ముంచి తెచ్చి నా ఎర్రగీతలు తుడిచేశాను. చక్రం ఊడదీసి, గొలుసును ఒక పన్ను జరిపి, చెక్కిన గీతలకు సరిగ్గా కలిపి మళ్ళీ బిగించాం. రెండు చుట్లు చేత్తో తిప్పాం. పైనా కిందా ఒకేసారి గుర్తుల దగ్గరికి వచ్చి ఆగాయి. మూతలు వేసి, కొత్త ఆయిల్ పోసేసరికి గేటు దగ్గర మనిషి పిలుపు.

బండి తోలుకుపోదామని ఆయన హెల్మెట్ చేత్తో పట్టుకునే వచ్చాడు. మా వదిన కిక్కు కొట్టింది. పలకలేదు. మళ్ళీ కొట్టింది. పలకలేదు. మావారు నా మొహం చూశారు, నేను గుడ్ల అట్ట చూశాను. అన్ని గుంటలూ ఖాళీ. ఆవిడ ఊపిరి తీసుకుని మరోసారి కొట్టింది. (విరామం) ఎలా చెప్పను? చెంచాల చప్పుడు లేదు. నిద్రపోతున్న పిల్లి గుర్రుమన్నట్టు ఒకటే ధార.

ఆయన వంగి విన్నాడు. “ఇది ఆ బండేనా సార్?”

“అదే,” అన్నారు మావారు.

“రేటు ఇంకొంచెం పెంచుతాను, ఇచ్చెయ్యండి.”

మావారు అక్క వైపు చూశారు. ఆవిడ కొనడానికొచ్చినాయనతో మర్యాదగా, “హెల్మెట్ పెట్టుకోండి” అంది. ఆయన సంబరంగా పెట్టుకున్నాడు. “వెనక కూర్చోండి. బస్టాపు దాకా దింపుతాను” అంది. (నవ్వులు, చప్పట్లు)

దింపింది. తిరిగి రావడానికి మాత్రం చాలాసేపు పట్టింది. వచ్చాక చేతులు కడుక్కుంటూ నాతో, “ఈ ఊళ్ళో ప్రతి కుళాయి చివరా చూశానే, నీళ్ళు మొదలయ్యేచోటు మాత్రం చూడలేదు. ఏటి వెంబడి పైకి రెండ్రోజుల దారట. వస్తావా?” అని అడిగింది.

“ఇల్లో?” అన్నాను.

“ఇంట్లో మా తమ్ముడు ఉండడూ?” అంది.

ఆయనకు ఈ సంగతి ఇప్పుడే, మీతోపాటే తెలుస్తోంది. (నవ్వులు) ఏమండీ, పొయ్యి ఎలా వెలిగించాలో వంటింటి గోడకు కాగితం అంటిస్తాను. వివరంగానే రాస్తాను.

ఆఫీసువారు మా వదినకు మంచి వాలుకుర్చీ బహూకరించారు, చాలా సంతోషం. ఆవిడ అందులో కూర్చోవడం చూడాలని వచ్చేవాళ్ళు మాత్రం ముందుగా ఫోన్ చేసి రండి.

నన్ను పిలిచి మాట్లాడనిచ్చిన సూపరింటెండెంటు గారికి, ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. చక్రం ఊడదీసే పనిముట్టు ఎరువిచ్చిన మెకానిక్ గారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. దాన్ని తుడిచి, నూనె రాసి, నిన్ననే ఆయన చేతికి ఇచ్చేశాను. ఆ బాకీ తీరింది.

ఇన్నేళ్ళూ మా వదిన బండి మీద బయటికి వెళ్తుంటే గేటు నేనే వేశాను. ఎల్లుండి మావారు వేస్తారు. సెలవు.