బంతి చెదరని టీవీ

2008 మే నెల. బల్గేరియాలోని వ్రాత్సా ఊళ్లో ఒక టీవీల కొట్టు. ఒకప్పుడు జిల్లా ఫుట్‌బాల్ పోటీల్లో లైన్ రిఫరీగా జెండా పట్టిన లాచెజార్ అరగంట నుంచీ రెండు టీవీల మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. వెనకాలే భార్య నెవెనా. పక్కన, ఈ కొట్లోనే పనిచేసే బట్టతల మనిషి.

"కాస్త ఒకచోట నిలబడు లాచో, నాకు కళ్లు తిరుగుతున్నాయి. ఎల్‌సీడీ అనుకునే కదా ఇంట్లో బయల్దేరాం!"

"అనుకున్నాం. ఇక్కడ చూశాక ప్లాస్మా అంటున్నా. అదిగో, బంతి చూడు నెవెనా. ఎల్‌సీడీలో దాని వెనక తోక వస్తోంది. ప్లాస్మాలో గుండ్రంగా, నిక్కచ్చిగా ఉంది."

"మన హాల్లో మూడు కిటికీలు. పగలు ప్లాస్మాలో నీ మొహం నీకే కనబడుతుంది. అవునా కాదా బాబూ?"

"అమ్మగారు చెప్పింది నిజమే సార్. వెలుతురున్న గదికి ఎల్‌సీడీయే నయం."

"పరదాలేస్తాం."

"పరదాలా! మొన్న నేనడిగితే గాలాడదన్నావు."

"వచ్చే నెల యూరోపు కప్పు కదే..."

"నువ్వు? ఫుట్‌బాలా? పద్నాలుగేళ్లుగా ఆట వస్తే చాలు, ఛానెల్ మార్చేస్తావు!"

"ఇప్పుడు చూస్తా. బాబూ, పాత టేపు పెడితే ఎందులో బాగుంటుంది?"

"ఏ టేపు లాచో?"

"ఏదో ఒకటి. మామూలు క్యాసెట్టు."

"ఏ టేపు అంటున్నా!"

"కేబులాయన ఇల్లు ఖాళీ చేస్తూ ఇచ్చాడు. తొంభై నాలుగు, మే... ఆ ఆటది."

"అయ్యో, నీకేం పట్టిందయ్యా! అది తెచ్చి ఇంట్లో పెట్టావా?"

"మన టీవీలో నాలుగుసార్లు చూశా. సరిగ్గా ఆ చోటికి వచ్చేసరికి అంతా మసక."

"సార్, నా మాట వినండి. క్యాసెట్టులో లేని బొమ్మని టీవీ ఎక్కణ్నుంచి తెస్తుంది? పెద్ద తెర మీద ఇంకా చెదురుతుంది. ఎల్‌సీడీ తీసుకోండి. ఆ టేపు సంగతి వదిలేయండి."

"నువ్వు ఈ ఊరివాడివి కాదా బాబూ?"

"సోఫియాలో ఉండేవాణ్ని. వచ్చి రెండు నెలలే."

"అయితే విను. ఆఖరి నిమిషం. ఆ గోలు నిలిస్తే మన జట్టు పై డివిజన్‌కి వెళ్లేది. యావోర్ అని ఎర్రజుట్టు కుర్రాడు కొట్టాడు. కానీ బంతి పాసయ్యేసరికే అవతలి జట్టు ఆటగాళ్లని దాటి ఒకడుగు ముందున్నాడనిపించింది. ఆఫ్‌సైడ్ అని జెండా ఎత్తా. గోలు చెల్లదన్నారు."

"ఊరు ఊరంతా మా మీద పడింది బాబూ! రొట్టెల కొట్టావిడ నాకు ఇప్పటికీ మాడిన రొట్టే ఏరి ఇస్తుంది. మా అమ్మాయి పెళ్లికి ఈయన సొంత అన్న రాలేదు."

"అదెందుకిప్పుడు?"

"ఎందుకేంటి? నువ్వు చూసింది నిజమని నేను నమ్మాను. చాలదా నీకు?"

"నాకే నమ్మకం లేదే! ఎండ కళ్లలో కొడుతోంది ఆరోజు. చూశానో, చూశాననుకున్నానో... ఒక్కసారి తేల్చుకోనీ. తప్పయితే తప్పని వీధిలో నిలబడి ఒప్పుకుంటా."

"లాచో..."

"ప్లాస్మా ప్యాక్ చేయించు బాబూ."

"చేయించను సార్."

"ఏం?"

"అందులో కనబడదు. నేనే చెప్తా. మీ జెండా లేచినప్పుడు నేను పక్కకి తిరిగి చూశాను. నా పక్కన ఎవరూ లేరు. అందరూ వెనకున్నారు."

"నువ్వు చూడటమేంటి?"

"సాయంత్రం ఊరంతా నన్ను భుజాల మీద ఊరేగించింది సార్. అన్యాయం జరిగిందని ఏడ్చారు. పైనుంచి నోరు విప్పలేకపోయాను. జుట్టంతా ఊడిపోయింది కాబట్టి మీరు పోల్చుకోలేదు గానీ, యావోర్‌ని నేనే. ఒకడుగు కాదు సార్, రెండడుగులు ముందున్నా."