సున్న మీద గీత

హలో… ఆ, నేనే. మోతీరాం. బాన్సువాడ నుంచే… నమస్తే ఎడిటర్ సారూ. మీ ట్రంకు కాల్ కోసమే పొద్దటి సంది ఈ విత్తనాల దుకాణంల కూసున్న.

ఆ… అందింది. మీ వీక్లీ నిన్ననే అందింది. నా కథ చూసుకున్న.

సంతోషమా?… సారూ, అండ్ల సున్నలు ఏవి?

సున్నలు సార్, సున్నలు… యాడ జూసినా ఒక్కటి లేదు. 'బండి' అని రాస్తే 'బడి' అని పడ్డది. 'దండ' పోయి 'దడ' అయింది…

నేనా? నేను కొట్టెయ్యలే! అది… ఎట్ల చెప్పాలె. ఇన్నేండ్లు హైదరాబాద్‌ల కంప్యూటర్ ప్రోగ్రాములు కాయితాల మీద చేతితోని రాసిన గదా. అండ్ల సున్న వేరే, ఇంగ్లీషు 'ఓ' వేరే. రెండూ కలవొద్దని సున్న నడుమ గీత గొడ్తం. కాలేజీల కథలు రాసేటోణ్ణి… మల్ల గిప్పుడు రాద్దామని కూసుంటే చెయ్యి గా అలవాటు ఇడువలే. తెలుగు సున్నకు గూడ గీత గొట్టింది. మీ ప్రెస్సోళ్లేమో కొట్టేసిన అక్షరాలనుకున్నరు.

ఏంది?… ప్రయోగమా? కాదు సార్, కాదు…

పైన 'హాస్య కథ' అని మీరే పెట్టిచ్చిండ్రా? అయ్యో.

నవ్వుతుండ్రా… ఎవరు?… అందరా.

ఏ మాటకు?… ఆ, దవాఖానల మాటకా. సారూ, కథల జమున అన్నది 'పండగ దాకా ఉంటా' అని. మీదాంట్ల 'పడగ దాకా ఉటా' అని పడ్డది. అండ్ల నవ్వుటానికి ఏం లేదు సార్. పండగ రాకముందే పోయింది. గా జమున ఉత్త కథల మనిషి గాదు, మా ఇంటా—

…ఆ. చెప్పుండ్రి, వింటున్న.

ఇంకోటా? గిట్లనే, సున్నలు లేకుండనా?… నాతోని కాదు. గీ ఒక్కటి రాయాలనే నౌకరి ఇడిసిపెట్టి వచ్చిన. నాకు ఏడుపొస్తుంది సార్, నిజంగ.

లే, లే… మీ మీద కోపం గాదు. వచ్చే వారం తప్పు పడ్డదని ఒక్క ముక్క ఏసుండ్రి, సాలు… వద్దా? ఎందుకు?… చదివేటోళ్ల సరదా పోతదా.

నేనేమంట. పత్రిక మీది.

హలో?… ఉన్న సార్, వినవడ్తుంది.

ఎవరు?… మా ఇంటామెనా?

చదివి ఏమన్నదంటే…

ఆ. మస్తు నవ్వింది సార్. పెడ్త మరి.