చేతులు రుద్దుకున్నందుకు

చేతులు రుద్దుకున్నందుకా సున్నా వేశావు? కుర్చీ వద్దులే. పెద్ద కాలేజీ కుర్చీలో కూర్చుంటే నా కోపం మెత్తబడిపోతుంది. నిలబడే అడుగుతాను.

మా పిచ్చుక, అదే, నీ పరీక్ష గదిలోంచి ఇప్పుడే కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిందే, ఆ పిల్ల చేసిన నేరమేమిటి? నువ్వు మంచం మీద పడుకోబెట్టిన రబ్బరు రోగి దగ్గరికి వెళ్ళింది. అరచేతులు రుద్దుకుని వెచ్చబెట్టుకుంది. 'తాతా, చెయ్యి వేస్తున్నాను, ఏమీ అనుకోకు' అంది. జవాబు కోసం ఆగింది. ఈలోగా రోగి పోయాడని మిషను కూసింది. అంతే కదా?

నవ్వు, నవ్వు. బొమ్మని తాతా అంటారా ఎవరైనా అని కదూ? మరి మా పిల్లలు బొమ్మని ఎక్కడ చూశారు? మీవాళ్ళు డాక్టరు చదువులో చేరిన రోజు నుంచీ ఊపిరి పీల్చే బొమ్మలు, రెప్పలార్పే బొమ్మల మధ్యే పెరిగారు. మా కాలేజీకి ఉన్నదల్లా ఒక చిరిగిన పరుపు, దాని మీద రోగి వేషంలో నేను.

అలాగని నన్ను తక్కువ చెయ్యకు. నేను గుండెపోటు నటించానంటే పక్క వార్డు రోగులు మందులు వదిలేసి ఇళ్ళకి పారిపోయేవాళ్ళు. ఒకసారి ఎంత బాగా చచ్చానంటే, మా ఆవిడకి కబురు వెళ్ళిపోయింది. ఆవిడ తాపీగా వచ్చి, 'కాఫీ చల్లారిపోతోంది, తాగి చావండి' అంది. కరెంటు పోతే నీ బొమ్మ జబ్బు కూడా పోతుంది. నా జబ్బు చీకట్లో ఇంకా ముదిరేది.

నువ్వూ ఆ పరుపు దగ్గరే నేర్చుకున్నావు. బొమ్మలు పంచే, పరీక్షలు పెట్టే ఈ పదవి వచ్చిన రోజు ఫోన్ చేసి ఏమన్నావు? 'మొదటి బొమ్మ మనకే మాస్టారూ, మీరిక చావక్కర్లేదు.' మనకే, అన్నావు. ఆ ఒక్క మాట పట్టుకుని గది ఖాళీ చేయించి సున్నం కొట్టించాను. బొమ్మ రాలేదు. పరీక్ష వచ్చింది. బొమ్మ మీదే చెయ్యాలట, అందరికీ ఒకటే కొలతట. ఆ రూలు పెట్టిందెవరని అడిగితే నీ పేరే చెప్పారు.

అసలీ చేతులు రుద్దుకునే అలవాటు ఎవరివల్ల వచ్చిందో గుర్తుందా? మొదటి ఏడు. భయపడుతూ వచ్చి నా పొట్ట మీద చెయ్యి పెట్టావు. మంచుగడ్డ. ఆ దెబ్బకి ఎగిరి ఫ్యాను రెక్కకి తగిలాను. సరే, రెక్కకి కాదు, దాని గాలికి. ఆ రోజే చెప్పాను క్లాసంతటికీ: రోగిని ముట్టుకునే ముందు చేతులు వెచ్చబెట్టుకోండి, చెప్పి ముట్టుకోండి అని. నీ కోసం పెట్టిన నియమమమ్మా అది. దానికే మార్కులు కోశావు.

మళ్ళీ పరీక్ష పెట్టు. ఆ పిల్లని బొమ్మ దగ్గర ఒక్క పూట కూర్చోనిచ్చి, అప్పుడు పెట్టు. లేకపోతే దాని ఏడాది పోతుంది.

కుదరదా. రూలు రూలేనా. ఊఁ.

ఆయాసమా? లేదే. ఏదో కాస్త... కాదు, ఇది వేషం కాదు. నాడి చూస్తావా? చూడు, నేర్పింది నేనేగా.

అబ్బ.

ఇంకా మంచుగడ్డే. రుద్దుకోవడం కూడా మానేశావన్నమాట.

పోనీలే. నీ రోగులకి చలి వెయ్యదుగా.