ఒక్క బ్యాటరీతో పదకొండేళ్లు

మా ఫోటోల బాబాయి చేతికి టీ గ్లాసు ఇస్తే చాలు, ఇక నోటికి అడ్డూ అదుపూ ఉండదు. ఒకప్పుడు ఆయన స్టూడియో ఉన్న గదిలో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. అయినా రోజూ పదింటికి దాని ఎదురుగా ఉన్న టీ కొట్టుకొచ్చి, భుజాన కెమెరా సంచీతో బల్ల మీద కూర్చుంటాడు. సంచీలో కెమెరా ఉందో లేదో మేమెవరం అడగలేదు. నేను పక్క కొట్లోనే బట్టలు కుడతాను కాబట్టి వినక తప్పదు. ఆ రోజు మాత్రం ఆయన్ని కదిలించింది నేను కాదు, బ్యాంకు దగ్గర కొత్తగా చేరిన వాచ్‌మన్. చేరి రెండు నెలలైనా "టీ ఒకటి" అనడం తప్ప మరో మాట ఎరగని మనిషి.

"పరుగు పందేల ఫోటోలు కూడా తీసేవారటగా?" అన్నాడు. "పద్దెనిమిదేళ్ల కిందట మిల్లు వాళ్లు పెట్టారు చూడండి, గెలిచినవాడికి పర్మినెంటు ఉద్యోగం ఇస్తామని. దానికి మీరే వెళ్లారటగా?"

"వెళ్లడమేంటయ్యా! నేనే లేకపోతే ఆ ఉద్యోగం ఎవరిదో ఈ రోజుకీ తేలేది కాదు. కానీ ముందు నా బ్యాటరీ సంగతి తెలియాలి. అది తెలియకపోతే పందెం సంగతి బుర్రకెక్కదు. అప్పుడప్పుడే డిజిటల్ కెమెరా కొన్నాను. మిగతావాళ్లు పెళ్లికి నాలుగేసి బ్యాటరీలు మోసుకెళ్లేవాళ్లు. నా దగ్గర ఒక్కటే. రెండోది కొనే స్తోమత లేదు, ఉన్నమాట చెప్పుకోడానికి సిగ్గెందుకు. అందుకని ఫోటోకీ ఫోటోకీ మధ్య టిక్కుమని ఆఫ్ చేసేసేవాణ్ణి. మళ్లీ టిక్కు, మళ్లీ ఫోటో, మళ్లీ టిక్కు. మొదటి పెళ్లి అయ్యేసరికి చూస్తే నాలుగు గీతల్లో ఒక్క గీతే తగ్గింది."

"ఇంతవరకూ నమ్మొచ్చు," అన్నాడు టీ కొట్టాయన.

"నమ్మక ఏం చేస్తావ్! ఆ తర్వాత నాకు చెయ్యి తిరిగింది. పెళ్లికొడుకు రెప్ప వాల్చి ఎత్తేలోపు ఆన్ చేసి, ఫోటో తీసి, ఆఫ్ చేసి, సంచీలో పెట్టి, జిప్పు కూడా లాగేసేవాణ్ణి. మూడు పెళ్లిళ్లు, రెండు పుట్టినరోజులు, ఓ రిటైర్మెంటు సభ అయ్యాయి. మూడు గీతలూ మూడు స్తంభాల్లా అలాగే నిలబడున్నాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓ రోజు పొద్దున లేచి చూద్దును కదా, పోయిన నాలుగో గీత తిరిగొచ్చేసింది!"

"ఛార్జింగ్ పెట్టకుండానే?" అన్నాను.

"ఛార్జరెక్కడిది? దాని వైరు మీ పిన్ని బట్టలారేసుకోడానికి కట్టేసుకుంది. పొదుపు చేస్తే పెరగదట్రా ఏదైనా! పదకొండేళ్లు, ఒక్క బ్యాటరీ. కంపెనీ నుంచి ముగ్గురు ఇంజనీర్లొచ్చి మా గుమ్మంలో కూర్చుని భోరుమన్నారు. అయ్యా, తమలాంటివాళ్లు ఇంకో ఇద్దరుంటే మేం ఫ్యాక్టరీ మూసుకోవాలి, ఈ కిటుకు మాత్రం పైకి పొక్కనివ్వకండి అని కాళ్లావేళ్లా పడ్డారు. ఓసారి గాలివానకి వీధంతా కరెంటు పోయింది. ఆ బ్యాటరీతోనే ఇరవై ఇళ్లకి దీపాలు వెలిగించాను. ఇంకా మిగిలితే మీ నాన్న కుట్టు మిషన్ తిప్పాను, వెళ్లి అడుగు."

"మా నాన్నది కాలితో తొక్కే మిషను బాబాయ్."

"అందుకే అంత జోరుగా తిరిగింది!"

టీ కొట్టాయనకి పొలమారింది. నేనూ పగలబడి నవ్వాను. నవ్వనిది ఇద్దరే, వాచ్‌మనూ, బాబాయీ. బాబాయి ఎదుటి కొట్లో వేలాడుతున్న సెల్‌ఫోన్ కవర్ల వైపు చూస్తూ ఉండిపోయాడు.

"నవ్వండ్రా, మీకేం," అన్నాడు. "ఇప్పుడు ప్రతివాడి చేతిలోనూ ఫోనే. తినే కంచానికో ఫోటో, పడుకున్న పిల్లికో ఫోటో. నన్నొకడు పిలిచి మూడేళ్లయింది. పొద్దున లేచి గడ్డం ఎందుకు గీసుకోవాలో తెలియడం లేదు. అయినా గీసుకుని ఇక్కడికొచ్చి కూస్తాను. కూయకపోతే నేను ఉన్నానన్న సంగతి ఎవరికి గుర్తుంటుంది?"

"పందెం సంగతి చెప్పలేదు మీరు," అన్నాడు వాచ్‌మన్.

"ఆఁ, పందెం! అక్కడికే వస్తున్నా." బాబాయి ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నాడు. "నాలుగొందల మీటర్లు. ఎనిమిది మంది. నేను చివరి తాడు దగ్గర మోకాలు నేలకానించి కూర్చున్నా. తుపాకీ పేలింది. అడుగుకో ఫోటో! కాలు నేల మీదుంటే ఆఫ్, గాల్లో ఉంటే ఆన్. ఎనిమిది మందికి పదహారు కాళ్లు, ఒక్క కాలు లెక్క తప్పలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆఖరి మలుపులో ఇద్దరు విడిపడి ముందుకొచ్చేశారు, భుజాలు రాసుకుంటూ. నా టిక్కు వినపడగానే గాలి ఆగింది. జెండాలు రెపరెపలు మానేశాయి. వాళ్లిద్దరూ తాడు ముందు, నా కెమెరా ఆన్ అయ్యేదాకా గాల్లోనే ఆగిపోయారు."

"గాల్లోనే!" అన్నాడు టీ కొట్టాయన.

"గాల్లోనే. కారే చెమట బొట్టు కూడా కారకుండా ఆగింది. అప్పుడు నొక్కాను. తాడు, రెండు ఛాతీలు, ఆ చెమట బొట్టు, అన్నీ ఒకే ఫోటోలో. అవతల జడ్జీలిద్దరూ వీడంటే వీడని జుట్లు పట్టుకుంటున్నారు. నేను నింపాదిగా వెళ్లి కెమెరా వెనక తెర చూపించాను. ఠక్కున నోళ్లు మూతపడ్డాయి. మిల్లు మేనేజరు లేచి నిలబడి నాకు దణ్ణం పెట్టాడు. ఆ ఫోటో చూశాకే ఉద్యోగం ఇచ్చారు!"

వాచ్‌మన్ గ్లాసు కింద పెట్టాడు. "ఫోటోలో ఎవరు గెలిచారు?"

"ఎవరేంటి, ఎర్ర బనీను అబ్బాయి! బొటనవేలంత తేడా. అందులో అనుమానమే లేదు, ఈ కళ్లతో చూశాను." ఆ ఒక్క మాట అనేటప్పుడు మాత్రం ఆయన చేతులు తిప్పలేదు, గొంతు పెంచలేదు.

"ఎర్ర బనీను నాది," అన్నాడు వాచ్‌మన్.

బాబాయి అతని మొహంలోకి చూశాడు, పొట్టవైపు చూశాడు, మళ్లీ మొహంలోకి చూశాడు.

"మీరు ఆ రోజు ఏ తెరా చూపించలేదు," అన్నాడు వాచ్‌మన్. "మేం తాడు దగ్గరికొచ్చేసరికి మీ కెమెరా ఆఫ్‌లో ఉంది. మీరు స్విచ్చు నొక్కారు, లెన్సు ఇంకా బయటికి వస్తూనే ఉంది, మేం దాటేశాం. మీ పక్కనుంచే దాటాను, నాకు కనపడింది. జడ్జీలు అడిగితే మీరు, ఫోటో కదిలిపోయింది, ఎవరో తెలియట్లేదన్నారు. సరేనని రూపాయి ఎగరేశారు. నేను బొమ్మ అన్నాను. బొరుసు పడింది."

"నిజమేనా బాబాయ్?" అన్నాను.

"కెమెరా ఆఫ్‌లో ఉందని చెబితే ఇంకెవడు పిలుస్తాడ్రా నన్ను?" అన్నాడు బాబాయి.

"కళ్లతో చూసిందైనా చెప్పొచ్చుగా?"

"ఫోటోగ్రాఫర్ని ఫోటో అడిగారు కానీ కళ్లనెవరు అడిగారు?" అని, ఉన్నట్టుండి వాచ్‌మన్ చెయ్యి పట్టుకున్నాడు. "కాగితం తెప్పించు బాబూ. ఇప్పుడు రాసిస్తాను, నువ్వే గెలిచావని. సంతకం పెడతాను. ఎక్కడికి రమ్మంటే అక్కడికొచ్చి చెబుతాను."

"ఎవరికి చెబుతారు? మిల్లు మూతపడి ఆరేళ్లయింది." వాచ్‌మన్ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "కోపంతో అడగలేదు నేను. కోపం ఎప్పుడో అరిగిపోయింది. మీరు కోతలరాయుడని అందరూ అంటే విన్నాను. ఏదో ఒకటి కోస్తారు, అవతలివాడే గెలిచాడంటారు, అది విని నిమ్మళంగా పోదామనుకున్నాను."

టీ పొంగి పొయ్యి మీద పడింది.

"మా అమ్మ అనేదండీ, నువ్వే గెలిచావురా, నేను చూశాను అని. ఏళ్ల తరబడి అదే మాట. వినలేక, కాదమ్మా, నేను ఓడిపోయాను, ఒప్పుకో అని బతిమాలేవాణ్ణి. పోయే ముందు వారం ఒప్పుకుంది. సరేలే నాన్నా, ఓడిపోయావులే అంది."