ఆ వణుకు

సూపర్‌హీరో సినిమా విడుదలైన మర్నాడు, అందులో వయొలిన్ వాయించినాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. భార్య పక్కన కూర్చుని ఫోన్లో అభిమానుల రాతలు చదువుతోంది.

"ఏవండీ, వినండి. 'సినిమా చెత్త. కానీ హీరో చనిపోతుంటే ఆ వయొలిన్ వణికింది చూడు, ఏడ్చేశాను' అంటున్నాడొకడు."

"ఊఁ."

"ఇంకొకడేమో 'అదంతా కంప్యూటర్లో చేసుంటార్రా' అన్నాడు. రాసినవాడి చెయ్యి పడిపోను!"

"అలా తిట్టకే."

"మరి? అందరూ సంగీత దర్శకుణ్ణే మోసేస్తున్నారు. మీరు వాయించారని నేను రాస్తాను."

"వద్దు. ఆ వణుకు నేను వాయించింది కాదు."

"మరెవరు?"

"నా చెయ్యి ఆగలేదే. ఇంకోసారి వాయిస్తానని బతిమాలాను. 'ఇదే బాగుంది, ఉంచేద్దాం' అన్నాడా సంగీత దర్శకుడు."

ఆమె ఫోన్ దించింది.

"అందుకేనా ఈమధ్య కాఫీ సగం గ్లాసే పొయ్యమంటున్నారు?"

ఆయన చెయ్యి దుప్పట్లోకి లాక్కున్నాడు.

"డాక్టరు దగ్గరికి వెళదాం, లేవండి."

"రెండో భాగానికి పొద్దున ఫోన్ చేశాడు. అచ్చం ఆ వణుకే కావాలిట."

"ఏమన్నారు?"

"వస్తానన్నాను. ముప్పై ఏళ్ళు చెయ్యి వణక్కుండా వాయించాను. ఒక్కడికీ వినపడలేదే."