ముత్యాల సేటు పరుపు

గల్ఫ్‌ల సముద్రం ఒడ్డు పట్నం. ఒకప్పటి ముత్యాల సేటు ఇల్లు ఇప్పుడు మ్యూజియం. శుక్రవారం సెలవని రాయికల్ నుంచి పనికొచ్చిన కూలీలు ఇద్దరు చూడ వచ్చిండ్రు.

“జల్ది ఫొటో తియ్యన్నా, కాపలాయన వస్తున్నడు.”

“సేటు పరుపు మీద కూసోవద్దని రాసి లేదా, తమ్మీ?”

“ఇదే నా రూమని అవ్వకు పంపుత.”

“రూముల పన్నెండు మందిమి పండుతం. గీ అబద్ధమెందుకు?”

“నేనెట్లున్ననో అని రోజూ ఏడుస్తున్నదన్నా. గిది చూస్తెనన్న నిద్రపోతది.”

ఫొటో అవ్వకు పోయింది. వాళ్లు గడప దాటకముందే ఫోన్ మోగింది. తమ్మి మాట్లాడి పెట్టేసిండు.

“ఏమన్నది?”

“మస్తు ఖుషైంది.”

“మరి మొఖం గట్ల పెట్టినవేంది?”

“ఫొటో చూసి మా తమ్ముడు, చిన్నోడు, కాలేజీ బంద్ జేస్తనంటున్నడట. గీడికే వస్తనని రేపే ఏజెంటుకు పాస్‌పోర్టు ఇస్తడట.”

“నడువు, రూముకు పోదాం. మన మంచాల ఫొటో తీద్దాం.”

“అవ్వ చూస్తె ఎట్లన్నా?”

“చిన్నోడు చూడాలె.”